మా ఇంటి పెద్ద బడి అక్షరాలు

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవరాలు మేఘ గ్రేటర్ నోయిడా నుంచి బస్సూ మెట్రో మారి ఫరీదాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. వస్తూనే, చెప్పులైనా విప్పకుండా లాప్‌టాప్ తెరిచి నా ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల సిమెంటులో బూడిద కలిపితే ఏమవుతుందన్న దానిమీద నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. బూడిద సంగతి బాగానే తేలిందట. తేలనిది శీర్షికల సంగతి. కంప్యూటర్లో ఏదో మీట నొక్కితే శీర్షికల్లో ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దదైపోయింది. గైడు థీసిస్ మొత్తం తిప్పి పంపాడు.

"నానీ, సైన్స్‌లో ఒక్క మిస్టేక్ నహీ నికాలా. హెడింగ్స్ కే లియే వాపస్! ఆప్ తో రైటర్ హో, బతావో న," అంది. సైన్సులో ఒక్క తప్పూ పట్టలేదట, శీర్షికల కోసమే తిప్పి పంపారట, రచయిత్రిని కనక నేనే చెప్పాలట.

"దానికంత కంగారెందుకు? ముఖ్యమైన మాటలకి మొదటి అక్షరం పెద్దది. 'ఆఫ్', 'అండ్', 'ద' లాంటి వాటికి చిన్నది. మొదటి మాటా చివరి మాటా ఏదైనా సరే పెద్దదే. మొత్తం అలా మార్చెయ్," అన్నాను.

"ఠీక్ హై. కానీ ఎందుకు?"

మేఘకి వచ్చిన కొద్ది తెలుగు మాటల్లో అదొకటి. దాన్ని వృథాగా వాడదు.

"పద్ధతి అది."

"కిస్‌నే బనాయా?"

ఎవరు పెట్టారు ఈ నియమం అని నేను నలభై ఏళ్ళుగా ఊరందర్నీ అడుగుతున్నాను. ముహూర్తాల వాళ్ళని అడిగాను, మడి కట్టుకునే వాళ్ళని అడిగాను, ఆడవాళ్ళు ఏం చెయ్యకూడదో చెప్పే వాళ్ళని అయితే పేరు పెట్టి అడిగాను. ఆ ప్రశ్న నన్ను అడిగిన మనిషి మాత్రం ఇంతవరకూ తారసపడలేదు. టీ పెట్టే వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగుతుండగా నాకు అర్థమైంది. ఇందాక ఆ పిల్లకి చెప్పింది నేను కాదు, మా నాన్న. ఆ మాటలే, ఆ ధీమాయే.

నాన్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటు. మాది ఢిల్లీ ఆర్కే పురంలో రెండు గదుల క్వార్టరు. ఆరింటికి బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, భోజనాల బల్ల మీదున్న టైపు మిషను ముందు కూర్చునేవాడు. యూనివర్సిటీ పరిశోధకుల థీసిస్‌లు టైపు చేసిపెట్టడం ఆయన రెండో ఉద్యోగం. నన్నడిగితే అదే మొదటిది. బల్ల ఆయనది కనక మేం నేల మీద కూర్చుని తినేవాళ్ళం. ఇల్లంతా రిబ్బను సిరా వాసన, మిషనుకి వేసే నూనె వాసన, వాటి మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చే ఇంగువ పోపు వాసన. కార్బను కాగితాలు ఎండ తగలకుండా పరుపుల కింద ఉండేవి. మా దుప్పట్లకి నీలం అంచులు వాటంతటవే వచ్చాయి. పెరుగన్నం కలిపితే ముద్ద మీద కూడా లేత నీలం వేలిముద్రలు పడేవి. అమ్మ విసుక్కునేది కాదు. "చదువుకున్నవాళ్ళ ఇంట్లో అన్నం ఈ రంగులోనే ఉంటుంది కాబోలు," అనేది.

మా ఇంట్లో దేవుడి గూడు లేదు. తెనాలి వైపు నుంచి వచ్చేటప్పుడే నాన్న తన పేరు చివర ఉన్న కులం తోకని తీసేసి వచ్చాడు. వర్జ్యం చూసి బయల్దేరిన చుట్టాలు మా గుమ్మంలో అడుగు పెట్టాలంటే ముందు ఒక ప్రశ్నపత్రం రాయాలి. ఆదివారం మధ్యాహ్నం కాలనీ హాల్లో తెలుగు ఉద్యోగులు చేరి చర్చ పెట్టేవాళ్ళు. విధవా వివాహం, జాతకాలు, శ్రాద్ధాలు, ఏదైనా సరే. నాన్న చాలాసేపు మాట్లాడకుండా వినేవాడు. అవతలాయన ఊపులో పడి "శాస్త్రంలో ఉంది" అన్న మరుక్షణం లేచి నిలబడేవాడు.

"ఎక్కడుంది? పుట చెప్పండి."

అవతలాయన గొంతు సవరించుకునేవాడు. ఆ పుట ఎప్పుడూ దొరికేది కాదు. నేను ముందు వరసలో కూర్చుని, ఆ గొంతు సవరింపు కోసమే ఎదురు చూసేదాన్ని. పుట చెప్పలేని మనిషి ఓడిపోయినట్టే అని పదేళ్ళకే నేర్చుకున్నాను. నా రాతలన్నీ ఆ ఒక్క పాఠం మీదే బతికాయి.

ఇక అదే ఆదివారం పొద్దుట జరిగేది చెప్పాలి. పరిశోధకులు తమ తమ కట్టలు పట్టుకుని మా వరండాలో వరసగా కూర్చునేవాళ్ళు, ధర్మసందేహాలు తీర్చుకోడానికి వచ్చినట్టు. నాన్నని వాళ్ళంతా మాస్టారు అనేవాళ్ళు. మన భాషలో అక్షరానికి పెద్దా చిన్నా లేదు. వాక్యం మొదట వచ్చినా చివర వచ్చినా 'క' ఎత్తు ఒకటే. ఇంగ్లీషుకి పెద్ద బడి, చిన్న బడి అని, అంటే కాపిటల్, స్మాల్ అని, రెండు వరసలున్నాయి. థీసిస్ శీర్షికలో ఏ మాటని పెద్ద బడి అక్షరంతో మొదలుపెట్టాలి, దేన్ని చిన్న బడితో సరిపెట్టాలి అన్నది మా వరండాలో తేలేది. నామవాచకాలకీ విశేషణాలకీ నాన్న అడక్కుండానే పెద్దరికం ఇచ్చేవాడు. 'ఆఫ్', 'అండ్', 'ద' గుమ్మం బయటే. కానీ వాటిలో ఏదైనా శీర్షిక మొదట నిలబడితే ఆ పూటకి దానికీ పట్టాభిషేకమే. 'ఈజ్' రెండక్షరాలదే అయినా క్రియ కనక లోపలికి రావచ్చు. మధ్యలో గీత పెట్టి కలిపిన జంట మాటల్లో రెండోదానికి ఏం ఇవ్వాలన్నది పెద్ద తగువు. నాన్న కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పేవాడు. మనుషుల్లో హెచ్చుతగ్గులు ఎత్తెయ్యాలని మధ్యాహ్నం ఉపన్యాసం ఇచ్చే మనిషి, పొద్దుట పూట మాటలకి అంతస్తులు పంచిపెట్టేవాడు. ఇందులో తమాషా ఉందని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు.

ఎవరైనా "ఇలాగే ఉండాలా మాస్టారూ?" అని నసిగితే ఆయన జవాబు ఒకటే. "పుస్తకంలో ఉంది."

పుస్తకం అంటే థీసిస్ ఎలా తయారుచెయ్యాలో చెబుతూ యూనివర్సిటీ వేసిన పల్చటి పచ్చ అట్ట పుస్తకం. అది బీరువా పై అరలో, మాసిపోకుండా పాత పంచె ముక్కలో చుట్టి ఉండేది. దేవుడి గూడు లేని ఇంట్లో గుడ్డ చుట్టి పై అరలో పెట్టిన వస్తువు అదొక్కటే. నాన్నకి పని నేర్పింది మాత్రం కరోల్ బాగ్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఒక ముసలాయన. ఆ ముసలాయనకి తెల్లదొరల కాలం నాటి సూపరింటెండెంటు ఎవరో నేర్పాడట. ఈ పరంపరని నాన్న గర్వంగా చెప్పుకునేవాడు.

అమ్మకి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. కానీ శీర్షికలు సరిచూసే పని అమ్మదే. రెండు బడుల అక్షరాల ఆకారాలూ ఆమెకి కొట్టినపిండి. ఏ అక్షరాన్ని ఏమని పలుకుతారో తెలీదు. ఎదురింట్లో ఉంటూ పేరు తెలియని మనుషుల్ని మొహాలతో గుర్తుపట్టినట్టు వాటిని గుర్తుపట్టేది. నేను పక్కన కూర్చుని ఏ మాట ముఖ్యమో ఏది కాదో చెబుతూ పోతే, అమ్మ చీపురు పుల్లతో ఒక్కో మాట మొదటి అక్షరం మీదా ఆగి, "పెద్ద, పెద్ద, చిన్న, పెద్ద," అనేది. అర్థం అడ్డు రాదు కనక ఆమె కన్ను ఎక్కడా జారేది కాదు. థీసిస్‌ల ముందుమాటల్లో టైపు చక్కగా ఉందని అందరూ నాన్నకి కృతజ్ఞతలు రాసేవాళ్ళు. చీపురు పుల్ల ప్రస్తావన నేను ఎక్కడా చూడలేదు.

నాకు పదిహేడేళ్ళు వచ్చిన ఏడు సుగుణక్క వచ్చింది. చీరాల దగ్గర ఒక కాలేజీలో లెక్చరరు. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నేత కార్మికుల సంఘాల మీద పరిశోధన కోసం చదువు సెలవు పెట్టి ఢిల్లీ వచ్చి, హాస్టల్లో ఉండేది. ఆ సెలవు ఆ నెలాఖరు శుక్రవారంతో అయిపోతుంది. ఆ లోపల థీసిస్ దాఖలు చేసిన రసీదుతో కాలేజీకి వెళ్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి కాలేజీ సెక్రటరీ తన బావమరిదిని సిద్ధంగా ఉంచుకున్నాడు. ఇది ఆమె రహస్యంగా దాచుకోలేదు. మా ఇంటికి వచ్చిన మొదటి రోజే అమ్మతో చెప్పింది.

ఆమె గైడుకి శీర్షికల విషయంలో వేరే మతం. శీర్షిక మొదటి మాటకి పెద్ద అక్షరం, ఊళ్ళ పేర్లకీ మనుషుల పేర్లకీ పెద్ద అక్షరం, తక్కినవన్నీ మామూలు వాక్యంలో ఉన్నట్టు చిన్నవే. ఆమె చేతిరాత ప్రతిలో అలాగే ఉంది. నాన్న దాన్ని పొరపాటనుకుని టైపులో అంతా దిద్దేశాడు. గైడు చూసి శీర్షికలన్నింటి మీదా ఎర్ర సిరా గీతలు గీసి, సంతకం పెట్టనన్నాడు. సుగుణక్క కట్ట మోసుకుని మా ఇంటికి వచ్చింది.

"ఆయనకి తెలీదమ్మా. పుస్తకంలో ఉంది. అలా ఇస్తే యూనివర్సిటీవాళ్ళు కిటికీ దగ్గరే తిప్పి పంపిస్తారు," అన్నాడు నాన్న.

ఆమె ఆ మాట గైడుకి చెప్పింది. ఆయన, నా కింద పని చేస్తున్నావా టైపిస్టు కింద చేస్తున్నావా అన్నాడట. ఆమె ఆ మాట నాన్నకి చెప్పింది. నాన్న నవ్వి, "చూశావా, పుట చెప్పలేక కోప్పడ్డాడు," అన్నాడు. ఇలా మూడు వారాలు గడిచాయి. ఇద్దరు మగవాళ్ళూ ఒకర్నొకరు చూసుకోలేదు. మధ్యలో బస్సులెక్కి దిగింది సుగుణక్క.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా సోమవారం సాయంత్రం వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది.

"మాస్టారూ, మీరూ ఆయనా ఇద్దరూ పెద్దవాళ్ళు. మీ మధ్యన నా ఉద్యోగం పోయేలా ఉంది."

"నీ మంచికే చెబుతున్నానమ్మా."

"అందరూ నా మంచికే చెబుతున్నారు మాస్టారూ. మా సెక్రటరీ కూడా."

నాన్న మిషను మూత పెట్టాడు. బుధవారం పొద్దున్న వస్తాను, ఏదో ఒకటి తేల్చండి అని ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు నాన్న ఆఫీసుకి వెళ్ళాక అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఆ పుస్తకం దించు," అంది.

"ఎందుకే?"

"చదువు. ఏముందో విందాం."

స్టూలెక్కి పంచె ముక్క విప్పాను. అట్ట కొత్తగా నిగనిగలాడుతోంది. తెరవబోతే తెరుచుకోలేదు. అచ్చు కాగితాలు మడతపెట్టి కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి. పై అంచున మడతలు కొయ్యలేదు. లోపలి పేజీ చూడాలంటే కొయ్యక తప్పదు. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ నా మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్ళి కూరగాయలు తరిగే చాకు తెచ్చి, ఒక్కో మడతా నిదానంగా కోసింది. బెండకాయ జిగురు కొంచెం అంచులకి అంటింది.

మొత్తం చదివాను. కాగితం ఎంత దళసరి ఉండాలో ఉంది. అంచులు ఎంత వదలాలో, ఎన్ని ప్రతులు ఇవ్వాలో, అట్ట ఏ రంగుదో ఉంది. శీర్షికల గురించి ఒక్కటే వాక్యం ఉంది. అక్షరాలు ఏ పద్ధతిలో వేసినా మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటే చాలునని. మళ్ళీ చదివాను. వెనక అట్ట లోపలి వైపు కూడా చూశాను.

"అంతేనా?" అంది అమ్మ.

"అంతే."

"పెద్ద, చిన్న, అదంతా?"

"ఎక్కడా లేదు."

అమ్మ కాసేపు చాకు తుడిచింది. "సాయంత్రం మీ నాన్న వస్తే నువ్వేం మాట్లాడకు. నేను చెబుతా," అంది.

ఆ సాయంత్రం నేను చూసినది నాకు కాలనీ హాల్లో బాగా పరిచయమైన దృశ్యమే. మనిషి మాత్రం వేరు. నాన్న పుస్తకం తిరగేసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇది పాత ముద్రణ," అన్నాడు. "కొత్త దాన్లో ఉండి ఉంటుంది."

"ఇన్నాళ్ళూ మీరు చెప్పింది ఈ పుస్తకమేగా?" అంది అమ్మ.

"దీన్లో క్లుప్తంగా చెప్పాడు. ఒకే తీరుగా ఉండాలంటే అర్థం అదే. అనుభవం ఉన్నవాడికి తెలుస్తుంది. రేపు సెలవు పెట్టి వెళ్ళి కనుక్కుంటాను."

నేను నోరు మూసుకునే ఉన్నాను. అమ్మ చెప్పినందుకు కాదు. ప్రతి ఆదివారం ఆయన ఎవరినైతే కూలదొయ్యడం చూసి చప్పట్లు కొట్టానో వాళ్ళ మాటలు ఇవే. పాత ప్రతిలో పోయింది, క్లుప్తంగా ఉంది, గురుముఖతః తెలుసుకోవాలి. ఒక్క మాట కూడా కొత్తది కాదు.

బుధవారం పొద్దున్నే ఆయన యూనివర్సిటీకి బయల్దేరాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో, అమ్మ ఆయన గడ్డం గీసుకునే పెట్టెలోంచి బ్లేళ్ళు తీసింది.

"శీర్షికలో చెరిపి దిద్దితే ఒప్పుకోరని నాన్న చెప్పాడుగా," అన్నాను.

"అదీ ఆ పుస్తకంలోదేనా?"

చూశాను. శుభ్రంగా దిద్దుకోవచ్చునని రాసి ఉంది.

సుగుణక్క వచ్చేసరికి చాప పరిచి ఉంది. గైడు చెప్పినట్టే చేద్దాం, ఇబ్బంది లేదట, కూర్చో అంది అమ్మ. ఎందుకు ఇబ్బంది లేదో చెప్పలేదు. పెద్ద బడి అక్షరాన్ని బ్లేడు మూలతో కాగితం చిరగకుండా గీకాలి. గోటి వెనకతో ఆ చోటు నున్నగా రుద్దాలి. మిషనుకెక్కించి సరిగ్గా ఆ జాగాలోనే చిన్న బడి అక్షరం కొట్టాలి. అసలు ప్రతీ, కార్బను ప్రతులూ కలిపి ప్రతి శీర్షికకీ నాలుగుసార్లు. గీకడం వాళ్ళిద్దరూ, కొట్టడం నేనూ. ఏ అక్షరం తియ్యాలో ఏది ఉంచాలో అమ్మకి సుగుణక్క చెప్పనక్కర్లేకపోయింది. చీరాల పేరు వచ్చిన చోట మాత్రం, "ఇది ఊరు పిన్నిగారూ, దీని జోలికి వెళ్ళకండి," అంది. గీకిన పొడి చాప మీద సన్నటి పిండిలా పడుతోంది. మూడు వారాల్లో ఆమె మొదటిసారి నవ్వడం ఆ రోజే చూశాను.

"మాస్టారు ఏరీ?"

"యూనివర్సిటీకి వెళ్ళారు, కనుక్కోడానికి."

"సెలవు పెట్టి మరీ వెళ్ళారా! నా కోసం ఇంత శ్రమ పడుతున్నారు, నేను మొన్న అంత మాటన్నాను పిన్నిగారూ."

అమ్మ తర్వాతి అక్షరం గీకింది.

రెండింటికి నాన్న తిరిగొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. అక్కడి క్లర్కు చెప్పినది తర్వాతెప్పుడో మాకు చెప్పాడు. "బాబూజీ, ఇదే కితాబ్. నేను ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఇదే. కొత్తదీ పాతదీ ఏం లేదు," అన్నాడట. అప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి చాప మీది బ్లేళ్ళనీ, పొడినీ, తన మిషను ముందున్న నన్నూ చూశాడు.

సుగుణక్క గబుక్కున లేచింది. "ఒప్పించి వచ్చారా మాస్టారూ? వాళ్ళు సరేనన్నారా?"

ఆ ప్రశ్న తలుపు బార్లా తెరిచిపెట్టింది. తలూపితే చాలు. ఊపితే ఆయన ఆమెకి జీవితాంతం దేవుడు. మేం ఇద్దరం నోరు విప్పేవాళ్ళం కాదని ఆయనకి తెలుసు. అమ్మ కాగితం మీది పొడి ఊదుతోంది, కావాలనే చాలాసేపు ఊదింది. నాన్న చెప్పులు విప్పి, చాప అంచున కూలబడ్డాడు.

"వాళ్ళు ఎప్పుడూ వద్దనలేదమ్మా. వద్దన్నది నేను. పుస్తకంలో ఆ మాటే లేదు. నేను దాన్ని తెరవలేదు."

సుగుణక్కకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. తర్వాత కూర్చుని బ్లేడు చేతిలోకి తీసుకుంది. ఒక అక్షరం గీకింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది.

"ఇరవై రెండు రోజులు మాస్టారూ."

"అవును."

"రోజూ రాత్రి మా అమ్మకి ఉత్తరం రాద్దామని కూర్చునేదాన్ని. ఉద్యోగం పోయిందని ఎలా రాయాలో తెలిసేది కాదు."

నాన్న క్షమించమని కూడా అనలేదు. ఆమె ఆయన ముందుకి ఒక కట్ట తోసి, బ్లేడు దాని మీద పెట్టింది. "ఈ రెండు అధ్యాయాలూ మీరు చెయ్యండి."

ఆయన చేశాడు. తను పదిలంగా కొట్టిన పెద్ద అక్షరాల్ని తనే ఒక్కొక్కటీ గీకి, ప్రతి పేజీ అమ్మ ముందు పెట్టాడు. అమ్మ చూసి, రెండింటిని వెనక్కిచ్చింది. మారు మాట్లాడకుండా మళ్ళీ గీకాడు. సాయంత్రం వెలుతురు ఉండగానే పనైపోయింది. గురువారం గైడు సంతకం పెట్టాడు. చివరికి గెలిచానని ఆయన అనుకుని ఉంటాడు. సాయంత్రానికి బైండింగ్ అయింది.

శుక్రవారం సుగుణక్కకి తోడుగా నేను వెళ్ళాను. కిటికీ దగ్గర గుమాస్తా నాలుగు ప్రతులూ అందుకుని, అట్ట రంగు చూశాడు. వెన్ను మీద వేలితో నొక్కి కుట్టు గట్టిదనం చూశాడు. ఒక్క పేజీ తిప్పలేదు. ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చి, "నెక్స్ట్," అన్నాడు. మూడు వారాలు ఇద్దరు పండితులు కొట్టుకున్న అక్షరాల వైపు యూనివర్సిటీ కన్నెత్తి చూడలేదు.

బస్‌స్టాప్‌లో ఆమె ఆ రసీదుని రెండుసార్లు చదివి జాకెట్లో దోపుకుంది. నాన్న తరఫున ఏదో చెప్పాలని నేను నోరు తెరవబోతే, చెయ్యి అడ్డం పెట్టింది.

"కోపం పోలేదే. అంత తొందరగా పోదు. కానీ ఒకటి చెబుతా విను. మా గైడు నాలుగేళ్ళలో ఎన్ని తప్పులు చేశాడో నాకు తెలుసు. 'నేను' అన్న మాట ఒక్కసారి ఆయన నోట రాలేదు. 'వ్యవస్థ అలా ఉంది' అంటాడు. మీ నాన్న అన్నాడు. దానికేం చెయ్యాలో నాకు తోచట్లేదు, అందుకే కోపం ఎక్కువగా ఉంది."

బస్సు వచ్చింది, ఎక్కేసింది. ఉద్యోగం నిలబడింది. ఆ కుర్చీలోనే కూర్చుని రిటైరైంది. మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం కాలనీ హాల్లో నాన్న ఈ సంగతి చెబుతాడని నేను ఎదురుచూశాను. చెప్పలేదు. ఎందుకని అడిగితే, "వాళ్ళు వాడుకుంటారు. మీరూ చదవకుండానే నమ్మారుగా, మేం నమ్మితే తప్పా అంటారు," అన్నాడు. నిజమే, అంటారు. ఆ భయంతోనే నేను కూడా ఇన్నాళ్ళు రాయలేదు. చాలా వాదాలు గెలిచాను. ఎదుటివాళ్ళని పుట చెప్పమని నిలదీసిన ప్రతిసారీ నా సంచీలో నేను తెరవని పుస్తకాలు ఎన్నున్నాయో లెక్క వేసుకోలేదు. అప్పట్లో బీరువాలో ఒక పుస్తకం ఉండేది, కొయ్యడానికి మడతలు కనిపించేవి. ఇప్పుడు కంప్యూటర్లో మీట ఉంది, దానికి మడతలు కూడా లేవు. చాకు తెచ్చినా ఎక్కడ కొయ్యాలో తెలీదు. పుట చెప్పమనడం నేను నాన్న దగ్గర ఒక్క వినికిడితో నేర్చుకున్నాను. 'వద్దన్నది నేను' అనడం కూడా ఆయన దగ్గరే విన్నాను. రెండోది నాకింకా నోరు తిరగలేదు.

నాన్న మాత్రం తన పద్ధతి మార్చాడు. ఎవరు కొత్తగా థీసిస్ తెచ్చినా, మిషను మూత తియ్యకముందే ఆ పచ్చ అట్ట పుస్తకం వాళ్ళ చేతికిచ్చి, "ముందు ఇది చదవండి. మీ గైడుని అడగండి. ఏ పద్ధతి కావాలో మీరు చెప్పండి, నేను కొడతాను," అనేవాడు. మొదట్లో ఒకరిద్దరు చదివారు. రెండు నెలలు తిరిగేసరికి యూనివర్సిటీలో మాట పాకిపోయింది. ఆ మాస్టారి ఇంట్లో ముందు పుస్తకం చేతికిస్తారు, అలా మొదలైన థీసిస్‌లు ఒక్కటీ తిరిగి రాలేదు అని. ఒక ఆదివారం పొద్దున్న కర్నూలు కుర్రాడెవరో వరండాలో చెప్పులు దూరంగా విడిచి, రెండు చేతులా పుస్తకం అందుకుని, కళ్ళకద్దుకుని, తెరవకుండా నాన్నకి తిరిగిచ్చేశాడు.

"చదవవయ్యా!"

"మీ చేత్తో ఇచ్చారు, చాలు సార్. శీర్షికలు మీ ఇష్టం."

అతను వెళ్ళాక నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. "చూశావా, వీణ్ణి ఏం చెయ్యాలి? పుస్తకం చేతిలో పెడితే దణ్ణం పెట్టి పోయాడు!"

అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టకుండానే అంది. "వాడు కళ్ళకైనా అద్దుకున్నాడు. మీరు అదీ చెయ్యలేదు."